మా ఊరి నీళ్లు ఏ డిపార్ట్‌మెంట్‌కి చెందుతాయి?

మన క్యాంపస్‌లో ఈమధ్య ఏ ప్రాజెక్ట్ రివ్యూకి వెళ్లినా ఒక స్లైడ్ తప్పకుండా ఉంటుంది: "ఇది ఇంటర్‌డిసిప్లినరీ ప్రాజెక్ట్". లోపలికెళ్లి చూస్తే, పంటల డేటానో హాస్పిటల్ ఎక్స్‌రేలో ఎక్కడినుంచో డౌన్‌లోడ్ చేసుకుని మన సీఎస్‌ఈ వాళ్లు ఒక మోడల్ ట్రెయిన్ చేసి ఉంటారు. డేటా వాళ్లది, మోడల్ మనది, అయిపోయింది. మరి ప్రశ్న ఎవరిది? అది ఎవరూ అడగరు. నా ఉద్దేశంలో రీసెర్చ్‌లో అసలు విషయం అదే. ఎవరు ఎక్కడ నిలబడి ప్రశ్న అడిగారు అన్నదాన్ని బట్టే ఏం కొలుస్తారు, ఏం వదిలేస్తారు అనేది తేలిపోతుంది. మొదట్లోనే కొలవకుండా వదిలేసినదాన్ని తర్వాత ఏ అల్గారిథమ్ కూడా వెనక్కి తేలేదు.

ఉదాహరణ కోసం నేను ఎక్కడికో వెళ్లక్కర్లేదు. నాది పుల్లలచెరువు. నల్లమల అంచున, పశ్చిమ ప్రకాశం. మా వైపు నుంచి వచ్చినవాళ్లని ఎవరినైనా నీళ్ల గురించి కదిలించండి, రెండో వాక్యంలో ఫ్లోరైడ్ అనే మాట వస్తుంది. పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగిన నడుములు, కూర్చుంటే లేవలేని మోకాళ్లు. మాకు ఇది పాఠంలో చదివిన విషయం కాదు. అయితే ఈ ఒక్క ఫ్లోరైడ్‌ని ఎంతమంది ఎన్ని వైపుల నుంచి చదివారో, ఒక్కొక్కరికి ఎలా వేరేగా కనపడిందో నేను ఇంజినీరింగ్‌కి వచ్చాకే తెలుసుకున్నా.

మొదట కనిపెట్టింది ఎవరు? పుస్తకాల ప్రకారం, మన దేశంలో ఈ జబ్బు మీద మొదటి పెద్ద పేపర్ 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. రాసింది షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్. మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా ఊళ్ల గురించి. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి అన్నీ నెల్లూరు జిల్లానే. 1970లో కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అవి ఇటు కలిశాయి, మా మార్కాపురం, గిద్దలూరు వైపేమో కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. ఆ నలుగురిలో బర్నార్డ్ ఎక్స్‌రే మనిషి. మద్రాసులో బర్నార్డ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రేడియాలజీ ఆయన పేరు మీదే ఉంది. ఎక్స్‌రే తీసేవాడు టీమ్‌లో ఉన్నాడు కాబట్టే "నడుం నొప్పి" అనే ఫిర్యాదు వెన్నెముకలో గట్టిపడిన ఎముకగా ఫిల్మ్ మీద కనపడింది. ఆయన లేకపోతే అది ముసలివాళ్ల కీళ్లనొప్పిగానే మిగిలిపోయేదేమో.

కానీ ఫ్లోరోసిస్ గురించి రాసినవాళ్లు ఇంకో మాట కూడా చెప్తారు. డాక్టర్ల కంటే ముందే రైతులు ఎద్దుల్లో తేడా గమనించారట. దుక్కి దున్నే ఎద్దు కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోతే రైతుకి వెంటనే తెలుస్తుంది, ఎందుకంటే ఆ రోజు పని ఆగిపోతుంది. మనిషి మాత్రం నొప్పి భరిస్తూ పనికి పోతూనే ఉంటాడు. రైతు చూపు అతని అవసరంలోంచి వచ్చింది, బర్నార్డ్ చూపు అతని మెషిన్‌లోంచి వచ్చింది. రెండూ కావాల్సినవే. పేపర్ మీద పేరు మాత్రం ఒకరిదే పడింది, అది వేరే సంగతి.

ఇప్పుడు ఒక్కసారి అమెరికా వెళ్లొద్దాం, ఎందుకంటే ఇదే ఫ్లోరైడ్ అక్కడ పూర్తిగా వేరే కథ అయింది. కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టర్ 1900ల మొదట్లో ప్రాక్టీస్ పెట్టాడు. అక్కడ పుట్టి పెరిగిన పిల్లల పళ్ల మీద గోధుమ మరకలు. నీళ్లలోనే ఏదో ఉందని ఆయనకి అనుమానం. నీళ్లు టెస్ట్ చేయిస్తే ఏమీ దొరకలేదు. ఎందుకు దొరకలేదంటే, మామూలుగా నీళ్లలో వెతికే పదార్థాల లిస్టులో ఫ్లోరిన్ అసలు లేదు. దాదాపు ముప్పై ఏళ్లు ఇలాగే గడిచాయి. చివరికి 1931లో దాన్ని పట్టుకుంది చర్చిల్ అనే కెమిస్ట్. ఆయన పనిచేసేది ఆల్కోవా అనే అల్యూమినియం కంపెనీలో. ఆ కంపెనీ ఊరైన బాక్సైట్‌లో కూడా పిల్లల పళ్లకి మరకలు వస్తున్నాయి. నింద అల్యూమినియం మీద పడుతుందేమో అని కంపెనీకి భయం. అందుకే ఆయన స్పెక్ట్రోగ్రాఫ్ పెట్టి నీళ్లన్నీ గాలించాడు, ఎవరూ ఊహించని ఫ్లోరిన్ బయటపడింది.

నాకు ఈ కథలో ఇదే నచ్చింది. కంపెనీ ఉద్దేశం స్వచ్ఛమైన సత్యాన్వేషణ ఏం కాదు, తన సరుకుని కాపాడుకోవడం. అయినా వచ్చిన జవాబు కరెక్ట్. కాబట్టి "పాయింట్ ఆఫ్ వ్యూ ఉంటే అది బయాస్, బయాస్ అంటే తప్పు" అని మనం మెషిన్ లెర్నింగ్ క్లాసులో నేర్చుకున్న లెక్క ఇక్కడ సరిపోదు. ఒకవైపు నుంచి చూడటం వల్లే కొన్ని కనపడతాయి. ఆ కనపడినదాన్ని మిగతావాళ్లు కూడా టెస్ట్ చేసుకోగలుగుతున్నారా లేదా అన్నదే చూడాలి. చర్చిల్ లెక్కని ఎవరైనా మళ్లీ కొలిచి చూసుకోవచ్చు, చూసుకున్నారు కూడా.

తర్వాత అమెరికా పళ్ల డాక్టర్లకి ఇంకోటి కనపడింది: తక్కువ మోతాదులో ఫ్లోరైడ్ ఉంటే పళ్లు పుచ్చడం తగ్గుతుంది. 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ అనే ఊళ్లో కుళాయి నీళ్లలో కావాలనే ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టారు. అంటే మా తాతల నడుములు వంగడానికి కారణం ఇదేనని మద్రాసు డాక్టర్లు రాసిన ఎనిమిదేళ్లకి, భూమికి అటువైపు అదే పదార్థాన్ని మందులా నీళ్లలో పోస్తున్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. పళ్లు చూసినవాళ్లకి అది మందు, ఎముకలు చూసినవాళ్లకి అది విషం. మధ్యలో తేడా మోతాదు.

ఆ మోతాదు అంకె కూడా ఎక్కడో ఒక చోట నిలబడి చూసిందే. మన బీఐఎస్ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ 1.5. కానీ మనిషి రోజుకి ఎన్ని లీటర్లు తాగుతాడు? ఏసీ గదిలో కూర్చుని కోడ్ రాసే నాకూ, మే నెల ఎండలో మిరప చేలో కాయ కోసే మా ఊరి ఆడవాళ్లకీ ఒకే లెక్క కుదురుతుందా? అమెరికా వాళ్లే 1962లో ఎండ ఎక్కువుండే ప్రాంతాలకి తక్కువ ఫ్లోరైడ్, చలి ప్రాంతాలకి కొంచెం ఎక్కువ అని వేర్వేరు అంకెలు పెట్టుకున్నారు. వేడి ఉన్న చోట మనుషులు నీళ్లు ఎక్కువ తాగుతారని వాళ్లకి తోచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా స్థానికంగా ఎన్ని నీళ్లు తాగుతారో చూసుకుని ప్రమాణం పెట్టుకోమనే అంటుంది. మన స్లైడ్లలో మాత్రం 1.5 ఒక గ్రీన్, రెడ్ బటన్ లాగా ఉంటుంది. 1.4 అయితే గ్రీన్.

మన దగ్గరికి తిరిగొస్తే, నాకు అన్నిటికంటే ఆసక్తి అనిపించింది హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్ వాళ్ల పని. 1973లో లాన్సెట్‌లో కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఒక పేపర్ రాశారు. ఫ్లోరోసిస్ ఉన్న ఊళ్లలో కుర్రవాళ్లకి మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయి. అంతకుముందు ఫ్లోరోసిస్ అంటే ముఖ్యంగా పెద్దవాళ్ల ఎముకలు బిగుసుకుపోవడం, ఇది వేరే రూపం. వాళ్లు తిండి వైపు నుంచి ఆలోచించేవాళ్లు కాబట్టి, నీళ్ల దగ్గర ఆగకుండా కంచంలోకి చూశారు. జొన్న ఎక్కువ తినేవాళ్లలో ఎందుకిలా? వాళ్ల వాదన పెద్ద గొలుసులా సాగుతుంది: 1967లో నాగార్జునసాగర్ కాలువలకి నీళ్లు వదిలాక చుట్టుపక్కల భూగర్భజలం పైకొచ్చింది, నేల క్షారగుణం పెరిగింది, జొన్నలో మాలిబ్డినం పెరిగింది, దానివల్ల ఒంట్లోంచి రాగి ఎక్కువగా పోయింది, ఎముక బలహీనపడింది. 1977లో అదే సంస్థ నుంచి ఇంకో అధ్యయనం, బియ్యం తినేవాళ్ల కంటే జొన్న తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందని.

ఈ గొలుసులో ప్రతి లింకూ గట్టిదే అని నేను అనట్లేదు. కానీ ఒక్కసారి చూడండి, ఒక డ్యామ్ గురించీ ఒక కుర్రాడి మోకాలి గురించీ ఒకే పేపర్లో ఆలోచించాలంటే ఎంత ధైర్యం కావాలి. డ్యామ్ కట్టిన ఇంజినీరు తన లెక్కల్లో ఎకరాలు, క్యూసెక్కులు రాసుకున్నాడు. మోకాలికి అందులో కాలమ్ లేదు. మోకాలు చూసే డాక్టర్ దగ్గర డ్యామ్‌కి కాలమ్ లేదు. మధ్యలో జొన్నరొట్టె గురించి ఆలోచించేవాళ్లు వచ్చాకే రెండూ కలిశాయి. మా వైపు జొన్న, సజ్జ సంగటి ఎంత తినేవాళ్లో మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తుంటారు, అందుకే ఇది చదివేటప్పుడు నాకు అదోలా అనిపించింది. అదే సంస్థ వాళ్లు 2002లో చింతపండు తిన్న పిల్లల్లో మూత్రం ద్వారా ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని కూడా ప్రచురించారు. (దీన్ని పట్టుకుని "పులుసు తాగితే ఫ్లోరోసిస్ మాయం" అని వాట్సాప్‌లో పెట్టకండి ప్లీజ్. అది చిన్న అధ్యయనం.)

ఇంతవరకూ చదివి "అయితే ఊళ్లోవాళ్లని అడిగితే చాలు, వాళ్లకే అన్నీ తెలుసు" అనుకునేవాళ్లు ఉంటారు. నేను దానికి కూడా ఒప్పుకోను. మా నాయనమ్మని మేం జేజి అంటాం. మంచినీళ్లు ఏవో తేల్చడానికి మా జేజి దగ్గర ఒకటే టెస్ట్: కందిపప్పు ఎంతసేపట్లో ఉడుకుతుంది? పప్పు మెత్తగా ఉడికితే ఆ బోరు నీళ్లు మంచివి. తరతరాల అనుభవం అది, కాదనలేం. కానీ కెమిస్ట్రీ ఏం చెప్తుందంటే, కాల్షియం తక్కువ, సోడియం బైకార్బొనేట్ ఎక్కువ ఉన్న నీళ్లలో పప్పు బాగా ఉడుకుతుంది. సరిగ్గా అలాంటి నీళ్లలోనే రాళ్లలోని ఫ్లోరైడ్ కూడా బాగా కరుగుతుంది. ఫ్లోరైడ్‌కి ఆ మోతాదులో రుచి లేదు, రంగు లేదు. అంటే జేజి టెస్ట్ పాసైన బోరే ప్రమాదం అవ్వొచ్చు. ఆమె చూపు పప్పుకి సరైనది, ఎముకకి సరిపోదు. ఇది తెలియాలంటే భూగర్భ శాస్త్రం వాళ్లు కావాలి, కనిగిరి గ్రానైట్‌లో ఫ్లోరైట్ ఎందుకుందో, మార్కాపురం పలక రాయి దానికి ఎలా వేరో చెప్పేవాళ్లు.

ఇంజినీర్లు ఏం చేశారు అంటారా? చేశారు. నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో నల్లగొండ టెక్నిక్ తెచ్చింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ని అడుక్కి దించడం. చాలా తెలివైన పద్ధతి, సామాన్లన్నీ ఊళ్లో దొరికేవే. కానీ రోజూ ఎవరో ఒకరు సరైన మోతాదులో కలపాలి, అడుగున దిగిన బురద ఎక్కడైనా పారబోయాలి. ల్యాబ్‌లో కూర్చుని చూస్తే అవి చిన్న విషయాలు. పంచాయతీలో అవే మొత్తం విషయం.

ఇప్పుడు మన వంతు. ఇలాంటి సమస్య మీద మనం చేసేది ఏంటి? ప్రభుత్వ వెబ్‌సైట్ నుంచి నీటి నాణ్యత ఫైల్ దించుకుంటాం, మండలం పేరు, పీహెచ్, కాల్షియం, ఫ్లోరైడ్, రాండమ్ ఫారెస్ట్, 90 పైన యాక్యురసీ, కన్ఫ్యూజన్ మ్యాట్రిక్స్, థాంక్యూ. నాకు ఆ యాక్యురసీతో గొడవ లేదు, కాలమ్స్‌తోనే గొడవ. ఒకే ఊళ్లో ఈ వీధి బోరుకీ ఆ వీధి బోరుకీ ఫ్లోరైడ్ చాలా తేడా ఉండొచ్చు, లోతుని బట్టి, రాయిని బట్టి. మండలం సగటు తీస్తే రెండు బోర్లూ మాయమవుతాయి. ఇంకోటి, ఇప్పుడు మా వైపు చాలా ఇళ్లలో తాగడానికి ఇరవై లీటర్ల ఆర్వో క్యాన్ కొంటారు, వంటకి మాత్రం బోరు నీళ్లే. నీళ్లు మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది, ఎసట్లోంచి అన్నంలోకి వెళ్తుంది. "మీరు ఏ నీళ్లు తాగుతారు" అని మాత్రమే అడిగే సర్వేలో ఆ ఇల్లు సేఫ్ అని పడుతుంది. వంట నీళ్లు అనే కాలమ్ ఎందుకు లేదు? ఆ ఫారం తయారుచేసినవాళ్లలో వంట చేసేవాళ్లు లేరనే నా అనుమానం.

"మాకు ఆరు వారాలే టైమ్ ఉంది, ఇదంతా ఎలా కుదురుతుంది" అని నా ఫ్రెండ్స్ అంటారు. న్యాయమైన మాటే, నాకూ అదే సెమిస్టర్, అవే ఇంటర్నల్స్. వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లని కలిపితే మీటింగులు ఎక్కువై పని తక్కువవుతుందన్నది కూడా నిజమే. సివిల్ వాళ్లు "లీచింగ్" అంటే మనకి అర్థం కాదు, మనం "ఫీచర్" అంటే వాళ్లు ఫోన్ ఫీచర్ అనుకుంటారు. అయినా ఆరు వారాల్లో ఒక్క వారం మోడల్‌కి తగ్గించి ఫారానికి ఇవ్వొచ్చు కదా. డేటా వచ్చాక వేరేవాళ్లని పిలిచి ఉపయోగం లేదు, అప్పటికి కాలమ్స్ గట్టిపడిపోయి ఉంటాయి. ముందే పిలవాలి.

వచ్చే సెమిస్టర్ మినీ ప్రాజెక్ట్‌కి నేను ఫ్లోరైడ్ టాపిక్కే తీసుకుంటున్నా. టీమ్‌లో ఇద్దరం సీఎస్‌ఈ ఉన్నాం. ఇంకా కావాల్సింది: సివిల్ నుంచి బోరు లోతు, రాయి సంగతి తెలిసినవాళ్లు ఒకరు, కెమికల్ నుంచి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలవడం వచ్చినవాళ్లు ఒకరు, దసరా సెలవుల్లో మా వైపు ఊళ్లకి వచ్చి వంటగదిలో కూర్చుని మాట్లాడగలిగినవాళ్లు ఒకరు. మూడోది అమ్మాయి అయితే మంచిది, మా ఊళ్లో వంటింట్లోకి నన్ను రానివ్వరు. ప్రశ్నల ఫారం ఇంకా ఖాళీగానే ఉంది, మీరొచ్చాకే రాద్దాం. బస్సు చార్జీలు పంచుకుందాం, భోజనం మా ఇంట్లో.