తలుపు చట్టానిది, తాళంచెవి యజమానిది

అమెరికాలో మాదకద్రవ్య పరీక్ష తప్పిన లారీ డ్రైవరు మళ్ళీ పని సంపాదించుకోవటం ఎలా అనే ప్రశ్న వచ్చినప్పుడల్లా పెద్దమనుషులు ఒకే జవాబు చెబుతారు: "వాడు గంజాయి ముట్టకుండా వుండవలసింది." జవాబు చిన్నది. చెప్పటం తేలిక, చెప్పినవాడి మనస్సుకు హాయి. దానిలో లోపం ఒక్కటే: అది అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. తప్పు చేసినవాడు దానికి విధించిన శిక్ష అనుభవించి, చికిత్స పొంది, ఇక ముట్టనని రుజువు చేసుకోవటానికి సిద్ధపడిన తరువాత అతని పని అతనికి ఎవరు ఇస్తారు? ఏ షరతు మీద ఇస్తారు? ఆ షరతు వల్ల లాభం ఎవరికి? ప్రశ్న ఇది. దీన్ని నీతిబోధతో దాటవెయ్యటం బూర్జువా వర్గానికి పాత అలవాటు. విచారకరమేమిటంటే, అభ్యుదయవాదులమని చెప్పుకునే కొందరు మిత్రులు కూడా అదే బోధను వల్లిస్తున్నారు.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకుందాం. 80,000 పౌన్ల బరువుతో రోడ్డు మీద పరుగెత్తే బండిని మత్తులో నడిపే హక్కు కావాలని ఏ కార్మికుడూ కోరటం లేదు. ఆ రోడ్డు మీద అతని భార్యాబిడ్డలు కూడా తిరుగుతారు. ఈ పరీక్షల పుట్టుక వెనుక నిజమైన దుఃఖం వుంది. 1987 జనవరి 4న మేరీలాండ్ రాష్ట్రంలో చేజ్ అనే చోట రెండు రైళ్ళు ఢీకొని 16 మంది చనిపోయారు. గూడ్సు ఇంజను నడుపుతున్న సిబ్బంది గంజాయి వాడారని తేలింది. 1989లో స్కిన్నర్ కేసులో, ఫలానా మనిషి మీద అనుమానం లేకపోయినా రైల్వే కార్మికుల రక్తమూత్రాలు పరీక్షించవచ్చునని అక్కడి సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. జస్టిస్ మార్షల్ ఆ తీర్పుతో విభేదించారు. 1991లో భద్రతతో ముడిపడిన పనులు చేసే రవాణా కార్మికులకు వర్తించే పరీక్షల చట్టం వచ్చింది. అంచేత రహదారి భద్రత అనే మాటను మనం ఎగతాళి చెయ్యటం లేదు. ఆ మాట చాటున ఏం జరుగుతున్నదో చూడమంటున్నాము.

మొదట పరీక్ష సంగతి. అది దేన్ని కొలుస్తుంది? మూత్రంలో గంజాయి తాలూకు అవశేష పదార్థం మిల్లీలీటరుకు 50 నానోగ్రాములు దాటిందా అని ఒకసారి, 15 దాటిందా అని రెండోసారి చూస్తుంది. ఆ అవశేషం మత్తు కాదు. మత్తు దిగిపోయిన తరువాత మిగిలే బూడిద. తరచు వాడేవాడి శరీరంలో అది వారాల తరబడి నిలవ వుంటుంది. మద్యం విషయంలో చట్టం ఇలా ఆలోచించదు. అక్కడ ఊపిరిని పరీక్షిస్తారు. ఆ క్షణాన రక్తంలో ఎంత వుందో లెక్కగడతారు. 0.04 శాతం వుంటే నేరం. 0.02కూ 0.04కూ మధ్య వుంటే 24 గంటలు బండి ముట్టవద్దని పక్కన కూర్చోబెడతారు, అంతే. శనివారం రాత్రి విస్కీ తాగినవాణ్ణి సోమవారం నాడు ఎవరూ అడగరు. అదే శనివారం, గంజాయి అమ్మకం చట్టబద్ధమైన కొలరాడోలోనో కాలిఫోర్నియాలోనో తన ఇంట్లో కూర్చుని గంజాయి పీల్చినవాడు రెండు వారాల తరువాత కూడా దొరికిపోవచ్చు. కీళ్ళ నొప్పికి దుకాణంలో కొన్న సీబీడీ నూనె వాడానని చెప్పినా లాభం లేదు. అది సాకుగా చెల్లదని రవాణా శాఖ 2020లోనే ప్రకటించింది. మూత్రం ఇవ్వనన్నా, ఇవ్వకుండా వెళ్ళిపోయినా అది కూడా తప్పినట్లే లెక్క. అంటే మద్యం దగ్గర చట్టం డ్యూటీలో మనిషి స్థితిని పరీక్షిస్తున్నది. గంజాయి దగ్గర డ్యూటీ లేని రోజున అతని బతుకును పరీక్షిస్తున్నది. ఫెడరల్ పరీక్షల్లో దొరికిపోతున్న డ్రైవర్లలో సగానికి పైగా గంజాయి వల్ల దొరుకుతున్నవారే.

సరే, తప్పాడు. తరువాత ఏమవుతుంది? 2020 జనవరి 6 నుంచి క్లియరింగ్‌హౌస్ అనే కేంద్ర చిట్టా ఒకటి నడుస్తున్నది. తప్పిన డ్రైవరు పేరు అందులోకి ఎక్కుతుంది. పనిలోకి తీసుకునే ప్రతి యజమానీ ముందు ఆ చిట్టా చూడాలి. పేరు కనీసం 5 ఏళ్ళు వుంటుంది. తిరిగి పనిలో చేరే తతంగం పూర్తి కాకపోతే ఆ పైన కూడా వుంటుంది. 2024 నవంబరు 18 నుంచి మరో మెట్టు ఎక్కారు: చిట్టాలో నిషేధం వున్నంత కాలం రాష్ట్రాలు ఆ డ్రైవరు భారీ వాహనాల లైసెన్సును కూడా తీసివెయ్యాలి.

తిరిగి రావటానికి దారి వుందని చట్టం అంటుంది. నిజమే, వుంది. రవాణా శాఖ అర్హత ఇచ్చిన వ్యసన నిపుణుడి దగ్గరకు వెళ్ళాలి. అతను చెప్పిన చికిత్సో చదువో పూర్తి చెయ్యాలి. మళ్ళీ అతని చేత చూపించుకోవాలి. ఆ తరువాత తిరిగి చేరే పరీక్ష ఇవ్వాలి. ఆ పరీక్షలో డ్రైవరు చొక్కా పైకెత్తి, లాగు కిందికి దించి, చుట్టూ తిరిగి చూపించాలి. మూత్రం ఒంట్లోంచి సీసాలోకి పడటాన్ని మరొక మనిషి కళ్ళారా చూడాలి. పనిలో చేరిన మొదటి 12 నెలల్లో చెప్పాపెట్టకుండా కనీసం 6 పరీక్షలు. నిపుణుడు కావాలంటే ఇవి 5 ఏళ్ళ దాకా సాగవచ్చు. యజమాని మారినా ఈ పరీక్షలు వెంటవస్తాయి.

ఈ ఖర్చు ఎవరిది? నిపుణుడి రుసుముగాని, చికిత్స ఖర్చుగాని యజమాని భరించాలని నిబంధన లేదు. డ్రైవరును తిరిగి తీసుకోవాలనీ లేదు. కూలి ఆగిపోయిన రోజునే ఖర్చు మొదలవుతుంది.

అసలు ముడి ఇంకొకచోట వుంది. తిరిగి చేరే పరీక్షకు డ్రైవరు తనంత తాను వెళ్ళి సీసా ఇచ్చి రాలేడు. అతన్ని పనిలో పెట్టుకోదలచిన యజమాని పంపాలి. పరీక్ష నెగ్గినట్లు చిట్టాలో ఎక్కితేగాని నిషేధం తొలగదు. నిషేధం తొలగితేగాని లైసెన్సు రాదు. లైసెన్సు లేనివాణ్ణి పనిలో పెట్టుకుంటానని ఏ యజమాని ముందుకు వస్తాడు? పని దొరికితేనే పరీక్ష, పరీక్ష నెగ్గితేనే పని. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదు అన్న మన సామెత ఈ నిబంధనకు సరిగ్గా అతుకుతుంది. ఈ ముడిని తప్పించుకునే దారి ఒకటి లేకపోలేదు: డ్రైవరు తానే బండికి యజమానినని నమోదు చేసుకుని, పరీక్షలు నడిపే సంస్థలో చేరటం. పని పోయినవాడు అప్పు చేసి లారీ కొనగలిగితే అతనికి కూలి చేసుకునే అర్హత తిరిగి వస్తుందన్నమాట!

చట్టం తలుపు చేసిపెట్టింది గాని తాళంచెవిని యజమాని జేబులో వుంచింది. ఈ ఒక్క సంగతి గ్రహిస్తే మిగిలినవన్నీ విడిపోతాయి. 2024 నాటికి చిట్టాలో నిషేధం కింద వున్న డ్రైవర్లు లక్షన్నరకు పైగా వున్నారు. వారిలో అత్యధికులు తిరిగి చేరే తతంగం మొదలే పెట్టలేదు. "చూశారా, వాళ్ళకు బాగుపడాలని లేదు" అంటారు నీతివాదులు. కొందరికి లేకపోవచ్చు. కాని చివరిమెట్టు దగ్గర తలుపు తెరవవలసినవాడు తెరుస్తాడో లేదో తెలియనప్పుడు, మొదటి మెట్టుకు చేతి డబ్బు పెట్టని మనిషి మూర్ఖుడు కాదు. అతను లెక్క తెలిసినవాడు.

తలుపు తెరిచే యజమానులు బొత్తిగా లేరా? వున్నారు. పరీక్ష తప్పినవారిని ఎన్నో ఏళ్ళ దాకా, కొన్ని చోట్ల ఎన్నటికీ తీసుకోమని సొంత నిబంధనలు రాసుకున్న కంపెనీలు చాలా వున్నాయి. బీమా కంపెనీలు వారి వెనక నిలబడతాయి. తీసుకునే కొద్దిమంది దాన్ని "రెండో అవకాశం" అంటారు. మాట ఎంతో కరుణగా వుంది. దాని ఆర్థికార్థం చూడండి. ఈ యజమానిని వదిలి పోతే మరొకడు తీసుకుంటాడన్న నమ్మకం లేనివాడు. పరీక్షల గుదిబండను మెడలో వేసుకుని తిరిగేవాడు. గోడౌను దగ్గర 5 గంటలు ఊరికే నిలబెట్టినా నోరెత్తనివాడు. కూలి బేరమాడలేని కార్మికుడు పెట్టుబడికి ఎప్పుడూ ముద్దే. చట్టం రాసినవాళ్ళు ఈ ఫలితాన్ని కోరి రాశారని నేను అనటం లేదు. కోరకుండానే ఫలితం ఇలా వచ్చింది. వచ్చిన ఫలితాన్ని సవరించటానికి యజమానులకు తొందర లేదు.

ఇప్పుడు ఇదంతా భద్రత కోసమే అనే వాదాన్ని దాని సొంత తక్కెడలోనే తూచి చూద్దాం. 2001–2003 మధ్య జరిగిన భారీ లారీ ప్రమాదాల మీద అమెరికా ప్రభుత్వమే పెద్ద పరిశోధన చేయించింది. ప్రమాదాలకు తోడైన అంశాలలో బ్రేకుల లోపం 29 శాతం లారీలలో కనిపించింది. డ్రైవరు అలసట 13 శాతం. నిషిద్ధ మాదకద్రవ్యాలు సుమారు 2 శాతం. రవాణా శాఖ సొంత ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2018లో మరొక లెక్క చెప్పింది: సరుకు ఎత్తే చోట, దించే చోట డ్రైవరు నిరీక్షించే సగటు కాలం 15 నిమిషాలు పెరిగితే ప్రమాదాల రేటు 6.2 శాతం పెరుగుతుంది. ఆ నిరీక్షణ వల్ల డ్రైవర్లు ఏడాదికి 110 కోట్ల నుంచి 130 కోట్ల డాలర్ల దాకా సంపాదన పోగొట్టుకుంటున్నారు. మైలుకింత అని కూలి గిట్టేవాడికి నిలబడిన గంట కూలి లేని గంట. దాన్ని పూడ్చుకోవటానికి తరువాతి గంటలో తొందరపడాలి. 1938 నాటి శ్రమ ప్రమాణాల చట్టం వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు కూలి ఇమ్మన్నది. రాష్ట్రాల మధ్య తిరిగే లారీ డ్రైవర్లను ఆ హక్కు నుంచి మినహాయించింది. డ్రైవర్లను నిలబెట్టే గిడ్డంగుల పేర్లు ఏ చిట్టాలోకి ఎక్కుతున్నాయి? అరిగిన బ్రేకులతో బండి పంపిన యజమానిని లాగు దించి తిరిగి చూపించమని ఎవరైనా అడిగారా?

"మాదకద్రవ్యాల వాటా తక్కువగా వున్నది పరీక్షలు వున్నందువల్లనే" అని ఎదుటివారు అనవచ్చు. ఇది పనికిమాలిన మాట కాదు. కొంత నిజం వుండవచ్చు. అయితే ఆ తర్కమే అలసటకూ, నిరీక్షణకూ, బ్రేకులకూ ఎందుకు పనికిరాదు? నిఘా వల్ల ప్రమాదం తగ్గుతుందంటే నిఘాను లాభం దగ్గర కూడా పెట్టాలి. అక్కడ పెట్టకుండా డ్రైవరు మూత్రాశయం దగ్గర మాత్రమే పెట్టటాన్ని భద్రత అనరు. వర్గ న్యాయం అంటారు.

మన మిత్రులలో కొందరు, గంజాయి పీల్చేవాడు చైతన్యం లేనివాడు, అతని కోసం ఉద్యమం వాదించటం ఎందుకు అంటున్నారు. మన కథల్లో కూడా ఈ ధోరణి వుంది: తాగే లారీ డ్రైవరు వస్తే అతను దుర్మార్గుడైనా కావాలి, జాలిపడవలసిన పతితుడైనా కావాలి, హక్కులు వున్న మనిషి మాత్రం కాడు. రెండు చిత్రాలూ యజమానికి సమ్మతమే. దుర్మార్గుణ్ణి గెంటవచ్చు, పతితుణ్ణి దయతో తక్కువ కూలికి పెట్టుకోవచ్చు. బలహీనత వున్న కార్మికుడు కూడా కార్మికుడే. మచ్చలేనివారి కోసమే పోరాడే సంఘం చివరకు ఎవరి కోసమూ పోరాడదు.

చరిత్ర ఈ సంగతి చెబుతూనే వుంది. 1964లో టీమ్‌స్టర్స్ సంఘం దేశమంతటికీ ఒకే సరుకు రవాణా ఒప్పందం సాధించింది. 1980 చట్టంతో లారీ రవాణా మీద ప్రభుత్వ నియంత్రణ సడలింది. సంఘం లేని కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఆ ఒప్పందం నీడన వుండే డ్రైవర్లు క్రమంగా కొద్దిమంది అయిపోయారు. చికిత్స ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నది యజమానులూ కార్మికులూ బేరమాడి తేల్చుకోవచ్చునని పరీక్షల నిబంధనే అంటుంది. సంఘం వున్నచోట చికిత్స కోసం సెలవు, దాని తరువాత అదే పని ఒప్పందంలో రాయించుకోగలిగారు. సంఘం లేనిచోట ఆ ఖాళీని యజమాని ఇష్టం నింపింది. చట్టం వదిలిన ఖాళీని ఎప్పుడూ బలమే నింపుతుంది.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనేవారు 2024 జనవరి మొదటి రోజులను గుర్తుచేసుకోవాలి. గుద్ది పారిపోయిన డ్రైవరుకు 10 ఏళ్ళ దాకా జైలు అన్న కొత్త సెక్షనుకు వ్యతిరేకంగా మన లారీ డ్రైవర్లు బండ్లు ఆపారు. హైదరాబాదు పెట్రోలు బంకుల ముందు బారులు తీరిన జనం వాళ్ళను తిట్టారు. రవాణా కార్మికుడికి రోజుకు 8 గంటల పని అని 1961లోనే ఈ దేశం చట్టం రాసుకున్నది. అది రోడ్డు మీద అమలు కాలేదని ఎవరూ ఆందోళన పడలేదు. శిక్ష రాసేటప్పుడు డ్రైవరు కనిపిస్తాడు, పనిగంటలు లెక్కపెట్టేటప్పుడు కనిపించడు. అక్కడా ఇక్కడా చూపు ఒక్కటే. ఆ సెక్షను అమలును అప్పటికి ఆపించింది నీతిబోధ కాదు, ఆగిన చక్రాలు.

కాబట్టి అడగవలసినవి ఇవి. పాత వాడకాన్ని కాక, బండి తోలే వేళ వున్న మత్తును కొలిచే పరీక్ష కావాలి. చికిత్స ఖర్చు రవాణా లాభాల నుంచి రావాలి. నిపుణుడు సరేనన్న డ్రైవరును ఏ యజమాని దయతోనూ నిమిత్తం లేకుండా తిరిగి చేరే పరీక్షకు ప్రభుత్వమే పంపాలి; నెగ్గినవాడికి అతని పాత పని హక్కుగా దక్కాలి. నిరీక్షించిన ప్రతి గంటకూ కూలి రావాలి. ఇవి మత్తుకు రాయితీలు కావు. డ్రైవరును ప్రమాదంలోకి తోసే పరిస్థితులను అలాగే వుంచి డ్రైవరును మాత్రం మార్చి మార్చి వాడుకునే పద్ధతికి ఎదురు కోరికలు. తాళంచెవి యజమాని జేబులో వున్నంతకాలం తలుపు ఎంత వెడల్పు చేసినా ఒక్కటే. ముందు ఆ చెవిని బయటికి తీయించాలి. అది డ్రైవర్ల సంఘం చెయ్యగల పని, మరెవరూ చేసిపెట్టని పని.