ఓటు పెట్టెలో కనబడని కరోనా లెక్క

2021 జులై 25న ఏలూరు నగరపాలక సంస్థ ఎన్నికల బ్యాలెట్ పెట్టెలు తెరిచారు. పోలింగ్ జరిగింది మార్చి 10న. హైకోర్టులో నడిచిన వ్యాజ్యం వల్ల నాలుగున్నర నెలల పాటు పెట్టెలకు వేసిన సీలు తీయలేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే కరోనా సెకండ్ వేవ్ గోదావరి జిల్లాలను కుదిపేసింది. ఓటేసి వచ్చినవాళ్లలో ఫలితం వినకుండానే కన్నుమూసినవాళ్లున్నారు. లెక్క తేలేసరికి 50 డివిజన్లలో 47 అప్పటి పాలకపక్షం వైఎస్సార్ కాంగ్రెస్‌కు, మూడు తెలుగుదేశానికి దక్కాయి.

మూడేళ్లు తిరక్కముందే అదే ఊరు అదే పార్టీని అరవై వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడించింది. 2024 జూన్ 4న ఓడిన అభ్యర్థి ఆళ్ల నాని. కరోనా కాలంలో రాష్ట్ర ఉపముఖ్యమంత్రి, వైద్యారోగ్య శాఖ మంత్రి ఆయనే. పక్కనే పెదపాడు మండలం ఉన్న దెందులూరు నియోజకవర్గంలోనూ అంతే. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి కొఠారు అబ్బయ్య చౌదరిని గెలిపించిన ఓటర్లు 2024లో తెలుగుదేశం నేత చింతమనేని ప్రభాకర్‌ను మళ్లీ అసెంబ్లీకి పంపారు. ఉమ్మడి పశ్చిమగోదావరి జిల్లాలో 2019లో 15 స్థానాల్లో 13 గెలిచిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు 2024లో ఒక్కటీ మిగల్లేదు.

ఈ రెండు ఫలితాలనూ కరోనాతో ముడిపెట్టి చెప్పే మాటలు రెండున్నాయి. కరోనాను బాగా ఎదుర్కొన్నారు కనుకే జనం 2021లో పట్టం కట్టారని ఒక పక్షం అంటుంది. ఆనాటి ఉసురు 2024లో తగిలిందని రెండో పక్షం అంటుంది. రెండూ తప్పే. 2021 ఓటు ప్రభుత్వానికి ఇచ్చిన మంచి సర్టిఫికెట్ కాదు, 2024 ఓటు కరోనాకు వేసిన శిక్షా కాదు. మహమ్మారి మీద జనానికి కోపం నిజంగానే ఉంది. ఆ కోపం ఓటుగా మారే దారే ఈ రాష్ట్రంలో ఎవరూ వేయలేదు.

కోపానికి కారణాలు కళ్లముందే ఉన్నాయి. 2020 మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్ కరోనా కారణంగా స్థానిక ఎన్నికలను వాయిదా వేస్తే, ముఖ్యమంత్రి జగన్ మోహన్ రెడ్డి విలేకరుల ముందుకొచ్చి పారాసిటమాల్ మాత్ర, బ్లీచింగ్ పౌడర్ గురించి మాట్లాడారు. ఏప్రిల్ 10న ఆర్డినెన్స్‌తో కమిషనర్ను పదవి నుంచి తప్పించారు. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. జబ్బు ఊళ్లలోకి దిగుతున్న వేళ ప్రభుత్వం శక్తి ఇలాంటి పోరుకు ఖర్చయింది. మాస్కులు చాలడం లేదని నోరు విప్పిన నర్సీపట్నం ప్రభుత్వాసుపత్రి మత్తు వైద్యుణ్ని సస్పెండ్ చేశారు. తర్వాత విశాఖ నడిరోడ్డు మీద ఆయన్ను చేతులు కట్టి పడేసిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. మే 4న మద్యం దుకాణాలు తెరిచి, ధరలు 75 శాతం పెంచారు. గుడికీ బడికీ లేని అనుమతి మద్యానికి ఎలా వచ్చిందని ఆడవాళ్లు అడిగారు. ఆగస్టు 9న కొవిడ్ కేంద్రంగా మార్చిన విజయవాడ స్వర్ణ ప్యాలెస్ హోటల్ తగలబడి 10 మంది చనిపోయారు. 2021 మే 10న తిరుపతి రుయా ఆసుపత్రికి ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యంగా చేరడంతో 11 మంది ఊపిరాడక పోయారు.

జబ్బు అధికారాన్ని చూసి ఆగలేదు. మాజీ మంత్రి, తాడేపల్లిగూడెం మాజీ ఎమ్మెల్యే పైడికొండల మాణిక్యాలరావు 2020 ఆగస్టు 1న కరోనాతోనే విజయవాడ ఆసుపత్రిలో మరణించారు. మాజీ మంత్రికే అలా జరిగితే మన గతేమిటన్న భయం ఆ వారమంతా గూడెం వీధుల్లో వినబడింది.

ఏలూరుకు కరోనా చాలదన్నట్టు మరో దెబ్బ తగిలింది. 2020 డిసెంబరు 5 నుంచి వన్‌టౌన్ వీధుల్లో మనుషులు ఉన్నట్టుండి కళ్లు తేలేసి, మూర్ఛతో, నోట నురగతో పడిపోయారు. వారం తిరిగేలోపు బాధితులు 600 దాటారు. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ, నాగపూర్‌ నుంచి పర్యావరణ పరిశోధన సంస్థ నీరి నిపుణులు వచ్చారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, పురుగుమందుల అవశేషాల వైపు వేలెత్తారు. ఆరోగ్య మంత్రి సొంత ఊళ్లో ఇదంతా జరిగింది. మూడు నెలల తర్వాత పోలింగ్ పెడితే ఆ ఊరే 47 డివిజన్లు ఆయన పార్టీకి ఇచ్చింది.

ఎందుకిచ్చింది? స్థానిక ఎన్నికలు సరైన గీటురాయి కావన్న వాదనలో బలం ఉంది. ఏకగ్రీవాల వెనుక ఒత్తిళ్లున్నాయని విపక్షాలు మొత్తుకున్నాయి. 2021 ఏప్రిల్ 8న జరిగిన ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలను తెలుగుదేశం బహిష్కరించింది. కానీ 2021 ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉపఎన్నికలో అన్ని పక్షాలూ దిగాయి. సెకండ్ వేవ్ ముదురుతున్న రోజుల్లో వేసిన ఆ ఓటును మే 2న లెక్కిస్తే వైఎస్సార్ కాంగ్రెస్ ఆధిక్యం 2 లక్షల 71 వేలు దాటింది. దీన్ని ఒత్తిడి ఒక్కదానితో వివరించలేం.

అసలు వివరణ నెల ఒకటో తారీఖున దొరుకుతుంది. 2020 ఏప్రిల్ ఒకటిన దేశమంతా తలుపులు మూసుకుని ఉంది. ఆ తెల్లవారుజామున పెదపాడు మండలం పల్లెల్లో వాలంటీరు ముసలమ్మ గడప ముందు నిలబడి, ఎప్పుడూ పెట్టించుకునే వేలిముద్ర వద్దని, ఫోన్లో ఫొటో తీసుకుని, 2,250 రూపాయలు చేతిలో పెట్టాడు. ఆ వారంలోనే పేద కుటుంబాలకు వెయ్యి రూపాయలు. తర్వాత జ్వరాల సర్వే. జులై 1న 108, 104 వాహనాలు 1,088 రోడ్డెక్కాయి. కరోనా వైద్యం ఆరోగ్యశ్రీలోకి వచ్చింది. పరీక్షల్లో రాష్ట్రం దేశంలో ముందు వరసలో నిలిచింది. ఇవేవీ తీసిపారేసేవి కావు, న్యాయంగా ఆ ప్రభుత్వం ఖాతాలో వేయాల్సినవే.

తేడా ఎక్కడంటే, పింఛను తెచ్చిన చేతికి ముఖం ఉంది, పేరు ఉంది. దొరకని పడకకు ముఖం లేదు. ఆసుపత్రిలో మంచం లేదంటే తప్పు సూపరింటెండెంటుదా, కలెక్టరుదా, మంత్రిదా? ఆక్సిజన్ కోటా, టీకాల సరఫరా ఢిల్లీ చేతిలో ఉండేవి. పడకలు, సిబ్బంది జిల్లా చేతిలో, అనుమతులు అమరావతి చేతిలో. రోగిని కలపర్రు టోల్‌గేట్ మీదుగా బెజవాడ తీసుకెళ్లి, అక్కడా దొరక్క హైదరాబాద్ బయల్దేరితే, 2021 మేలో కోదాడ దగ్గర రామాపురం క్రాస్‌రోడ్డులో తెలంగాణ పోలీసులు అంబులెన్సులను ఆపేశారు. మే 14న తెలంగాణ హైకోర్టు ఆ ఆంక్షలపై స్టే ఇచ్చేదాకా అంతే. ఇంతమంది చేతులు మారిన నిర్లక్ష్యానికి ఎవరి గుర్తు మీద ఓటేసి జవాబు చెప్పాలి?

కొల్లేరు లంకల్లో కోపం మరో దారిలో చెదిరిపోయింది. 2020 మార్చి చివర లాక్‌డౌన్ పడేసరికి పట్టుబడికి వచ్చిన చేప చెరువుల్లోనే ఉండిపోయింది. కైకలూరు, ఆకివీడుల నుంచి హౌరాకు, అస్సాంకు పోయే ఐసు లారీలకు డ్రైవర్లు కరవు, ప్యాకింగ్‌కు కూలీలు కరవు. పట్టకపోతే రోజూ మేత వెయ్యాలి, పడితే కొనే నాథుడు లేడు. రొయ్యలకైతే ప్రభుత్వం కౌంటు వారీగా ధర ప్రకటించింది. ఆ ధర చెరువు గట్టు మీద దొరకలేదన్నది రైతుల గోడు. ఆ గోడు మధ్యలో వ్యాపారి మీదికి, కోల్డ్ స్టోరేజీ మీదికి, కౌలుకిచ్చిన ఆసామి మీదికి మళ్లింది. నిర్ణయాలు తీసుకున్నవాళ్ల దాకా వెళ్లలేదు.

జనం గోడు పట్టుకోవాల్సిన ప్రతిపక్షం ఆ రోజుల్లో ఊళ్లో కనబడలేదు. లాక్‌డౌన్ మొదటి రెండు నెలలు చంద్రబాబు నాయుడు హైదరాబాద్‌లో ఉండిపోయారు. 2020 మే 25న గానీ రాష్ట్రానికి రాలేదు. సమీక్షలన్నీ జూమ్‌లోనే జరిగాయి. పడక కోసం పరుగులు పెట్టినవాడికి పాలకపక్షం మీద కోపం వచ్చినా, ఆదుకోవడానికి ఎదురొచ్చిన ప్రత్యామ్నాయం కళ్లకు ఆనలేదు. 2021 మేలో కరోనాకని కృష్ణపట్నంలో పంచిన నాటు మందు కోసం వేలమంది బారులు తీరడంలో ఆ నిస్సహాయత కనిపించింది. అధికార వ్యవస్థ మీద నమ్మకం పోయినవాళ్లు ఓటు మార్చుకోకుండానే మందు మార్చుకున్నారు.

ఈ తీరు మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా అనే పరిశోధకులు 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. విపత్తు వచ్చాక సాయం పంచిన పాలకులకు ఓటర్లు ఓట్లతో బదులు తీరుస్తారని, విపత్తు రాకముందే సన్నద్ధత మీద డబ్బు పెట్టినవారిని పట్టించుకోరని వాళ్లు తేల్చారు. 2022 మార్చిలో ఉత్తరప్రదేశ్‌లో అదే జరిగింది. గంగలో శవాలు తేలిన ఏడాదికే, ఉచిత రేషన్ అందుకున్న జనం బీజేపీని తిరిగి గెలిపించారు. న్యూజిలాండ్‌లో వైరస్‌ను కట్టడి చేసిన లేబర్ పార్టీ 2020లో ఘనవిజయం సాధించి, 2023లో ఓడిపోయింది. తెలంగాణలో సెకండ్ వేవ్ ఉద్ధృతిలోనే ఆరోగ్య మంత్రి ఈటల రాజేందర్‌ను భూముల ఆరోపణలపై మంత్రివర్గం నుంచి తొలగించారు. ఆరు నెలలకు హుజూరాబాద్ ఉపఎన్నికలో ఆయన బీజేపీ తరఫున 23 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. అక్కడ చర్చంతా ఆత్మగౌరవం, దళితబంధు మీదే నడిచింది. ఆరోగ్య మంత్రిగా ఆయన ఏం చేశారో, ఏం చేయలేదో అక్కడా ఎవరూ లెక్క వేయలేదు.

బ్రిటన్‌లో మాత్రం కోపానికి ఒక చిరునామా దొరికింది. జనాన్ని ఇళ్లలో ఉంచి ప్రధాని కార్యాలయంలో విందులు చేసుకున్నారని బయటపడింది. ఆ తర్వాత 2022లో బోరిస్ జాన్సన్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. అంతటితో వదిలేయలేదు కూడా. మాజీ న్యాయమూర్తి హాలెట్ అధ్యక్షతన బహిరంగ విచారణ పెట్టి, మాజీ ప్రధానుల్ని సైతం ప్రమాణం చేయించి ప్రశ్నలడిగారు.

ఇక్కడ అలాంటి వేదికే లేదు. రాష్ట్రంలో కరోనా మరణాలు 14,733 అని ప్రభుత్వ లెక్క. సుప్రీంకోర్టు ఆదేశంతో మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారం ప్రకటించాక, 2022 జనవరి నాటికి రాష్ట్రంలో వచ్చిన దరఖాస్తులు సుమారు 36 వేలు. డబ్బు అందింది సుమారు 11 వేల మందికే. ఆలస్యమెందుకని కోర్టు రాష్ట్ర ప్రధాన కార్యదర్శిని పిలిపించుకుంది. విపత్తు సహాయ నిధి నుంచి పక్కకు మళ్లించిన సుమారు 1,100 కోట్ల రూపాయలను వెనక్కి జమ చేయమని అదే ఏడాది జులైలో ఆదేశించింది. పరిహారం అడిగిన ప్రతి ఇల్లూ ఒక మనిషి పోయాడనే చెప్పింది. లెక్కకూ దరఖాస్తులకూ మధ్య ఉన్న 20 వేల పైచిలుకు కుటుంబాల సంగతేమిటో అసెంబ్లీ తేల్చలేదు.

2024 ఎన్నికల ప్రచారమైనా తేల్చిందా అంటే, అదీ లేదు. భూహక్కు చట్టం, మద్యం, రాజధాని, 2023 సెప్టెంబరు 9న చంద్రబాబు అరెస్టు, నాలుగు వేల పింఛను హామీ, ఇవీ ఆ ప్రచారంలో వినబడ్డ మాటలు. టీకాల విధానాన్ని ప్రశ్నించాలంటే తెలుగుదేశం, జనసేన తమ మిత్రపక్షమైన బీజేపీని ప్రశ్నించాలి. రుయా సంగతి ఎత్తాలంటే వైఎస్సార్ కాంగ్రెస్ తనను తానే ఎత్తిచూపుకోవాలి. మాట్లాడకపోవడమే అందరికీ సౌకర్యమైంది. గెలిచిన కూటమి పోలవరం, అమరావతి, విద్యుత్, సహజ వనరులు, మద్యం, శాంతిభద్రతలు, ఆర్థిక స్థితి అంటూ ఏడు అంశాల మీద శ్వేతపత్రాలు తలపెట్టింది. వేలమందిని పొట్టనబెట్టుకున్న మహమ్మారి ఆ ఏడింటిలో లేదు.

కాబట్టి ఓటరుకు మతిమరుపని నిందించడం అన్యాయం. ముసలమ్మ పింఛను గుర్తుపెట్టుకుంది, ఎందుకంటే అది ఆమె చేతికి అందింది. ఆసుపత్రి వైఫల్యాన్ని కూడా ఆమె మరిచిపోలేదు, కానీ దాన్ని ఎవరి పేరు మీద రాయాలో ఆమెకు చెప్పినవాడు లేడు. ఆ పని చేయాల్సింది చట్టసభలు, ఆడిట్లు, విచారణ సంఘాలు, పత్రికలు. అవి తప్పుకుంటే ఐదేళ్లకోసారి పడే ఒక్క ఓటు పింఛను, రోడ్డు, కులం, ధర, అన్నిటినీ మోస్తూ మరణాల లెక్కనూ మోయలేదు.

ఆరోగ్యం ఓటు సమస్య కాలేదనడమూ తొందరపాటే. ఏలూరులో 2023 సెప్టెంబరు 15న ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మిగిలిన కొత్త కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలన్న 2025 నాటి నిర్ణయం మీద రాష్ట్రంలో పెద్ద రాజకీయ పోరే నడిచింది. కంటికి కనిపించే కట్టడం, ఫలానా నిర్ణయం, దానికి జవాబుదారీ అయిన పేరు దొరికితే జనం చర్చిస్తారనడానికి అదే రుజువు.

2021లో ఎన్నికైన పంచాయతీల గడువు 2026 వరకే. ఆ తర్వాతి ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థి ముందూ, పాత పాలకపక్షమైనా కొత్త పాలకపక్షమైనా, మూడు పనులు పెట్టాలి. మొదటిది, కరోనా కాలపు మరణాలు, పరిహారాల జాబితాను గ్రామసభలో చదివించి, మిగిలిపోయిన కుటుంబాల పేర్లు చేర్చాలి. రెండోది, 2022 జనవరిలో రాష్ట్రమంతా ప్రారంభించిన 144 ఆక్సిజన్ ప్లాంట్లలో ఏది నడుస్తోందో, ఏది మూలబడిందో ఆసుపత్రి గోడ మీదే రాయించాలి. పెదపాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా ప్రతిచోటా ఆక్సిజన్ సిలిండర్లు, ఖాళీ పోస్టుల వివరం అదే పద్ధతిలో ఉండాలి. మూడోది, 2020, 2021ల మీద విశ్రాంత న్యాయమూర్తితో బహిరంగ విచారణ. ఇందులో అప్పటి ప్రభుత్వంతో పాటు అప్పటి ప్రతిపక్షం, కేంద్రం పాత్ర కూడా తేలాలి. కూటమి ప్రభుత్వం శ్వేతపత్రాలకు చూపిన చొరవలో సగం చూపినా ఈ విచారణ మొదలవుతుంది.