కెర్నెల్ పని మనది కాదనుకోవద్దు

మాది బేతంచెర్ల పక్కన తండా.

మొన్న హాస్టల్‌లో లినక్స్ కెర్నెల్ గురించి మాట్లాడుతుంటే ఒక అన్న అన్నాడు: "అవన్నీ ఐఐటీ వాళ్ల పనులు రా, మనం గ్రూప్స్ చదువుకుందాం." గ్రూప్స్ వద్దని నేననను. కానీ ఆ మొదటి మాట తప్పు.

మన ఆండ్రాయిడ్ ఫోన్లు నడిచేది లినక్స్ కెర్నెల్ మీదనే. 1991లో దాన్ని మొదలుపెట్టినప్పుడు లినస్ టోర్వాల్డ్స్ 21 ఏళ్ల విద్యార్థి. ఇప్పుడు అందులో పదివేలకు పైగా కాన్ఫిగ్ ఆప్షన్లు ఉన్నాయి. కోడ్ రాసినాయన తన ఆప్షన్లతో బిల్డ్ చేస్తే బాగానే వస్తుంది. ఇంకొకరు వేరే ఆప్షన్లు పెడితే "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని ఆగిపోతుంది.

చాలాసార్లు కారణం చిన్నదే. "డిపెండ్స్ ఆన్" అంటే, అది ఉంటేనే ఇది. "సెలెక్ట్" అట్ల కాదు, ఆ ఆప్షన్‌కు కావాల్సినవి ఉన్నాయో లేవో చూడకుండానే ఆన్ చేస్తుంది. ఫస్టియర్‌లో నా స్కాలర్‌షిప్ ఇట్లనే అయింది. స్కీమ్ ఉందన్నారు, దానికి కావాల్సిన సర్టిఫికెట్ మాత్రం నెలల తరబడి చేతికి రాలేదు. ఇట్లాంటి తిప్పలు పడినోళ్లకు ఆ లోపం ఎక్కడుందో తొందరగా కనిపిస్తుందని నా నమ్మకం.

ఉన్న ఆప్షన్లను తగ్గించడం కూడా పనే. "ఎక్స్‌పెరిమెంటల్" అనే ఆప్షన్‌ను దాదాపు అందరూ ఆన్‌లోనే పెట్టుకునేవాళ్లు. ఇంక దానికి అర్థమేముంది? 2013 నాటికి తీసేశారు.

ప్యాచ్ ఈమెయిల్‌లో పంపాలి. ఇంగ్లీషు నాలుగు వాక్యాలు చాలు: ఏం ఆగింది, ఎందుకు, ఏం మార్చాం. ర్యాంకు అడగరు. తప్పుంటే తిప్పి పంపుతారు, సరిచేసి మళ్లీ పంపొచ్చు.

మా నాయన బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. ఆయన కోసిన బండలు ఎన్ని ఇళ్లలో ఉన్నాయో, ఒక్కదాని మీద కూడా ఆయన పేరు లేదు. కెర్నెల్‌లో ఒక్క లైన్ సరిచేసినా, చేసినోళ్ల పేరు దాని చరిత్రలో ఉండిపోతుంది.

నేనింకా ఒక్క ప్యాచ్ కూడా పంపలేదు. సీనియర్ అన్న పాత ల్యాప్‌టాప్‌లో "టైనీకాన్ఫిగ్"తో బిల్డ్ మాత్రం చేశా. మొత్తం కెర్నెల్ అక్కర్లేదు, ఒక్క ఫైల్‌నైనా విడిగా బిల్డ్ చేసుకోవచ్చు. ఆదివారం సాయంత్రం నలుగురం ఒక ల్యాప్‌టాప్ ముందు కూర్చుందాం. "ర్యాండ్‌కాన్ఫిగ్" నడిపి, వచ్చిన మొదటి ఎర్రర్‌ను కలిసి చదువుదాం. ఎవరొస్తారో కింద పేరు పెట్టండి.