బిడ్డను పంచుకున్నారు, బిడ్డ నుడిని ఏం చేశారు?

విడాకుల రాజీపత్రంలో బిడ్డను గూర్చి సాధారణంగా నాలుగు వాక్యాలుంటాయి. బిడ్డ తల్లి దగ్గర ఉండాలి. తండ్రి నెలకింత భరణం చెల్లించాలి. రెండవ, నాలుగవ ఆదివారాలలో ఉదయం 10 గంటల నుండి సాయంత్రం 5 గంటల వరకు తండ్రి చూచుకోవచ్చు. వేసవి సెలవులలో కొన్నాళ్లు తన యింటికి తీసుకొనిపోవచ్చు. సరిహద్దు తాలూకాల కోర్టులలో ఏళ్ల తరబడి నేను చదివిన పత్రాలలో గాని, నా చేతితో వ్రాసిన పత్రాలలో గాని (తప్పులో నాకూ వాటా ఉన్నది గనుక ముందే ఒప్పుకుంటున్నాను) అయిదవ వాక్యం లేదు. ఈ బిడ్డ ఏ నుడిలో చదవాలి, ఆ సంగతి తేల్చవలసింది ఎవరు అన్నది ఆ అయిదవ వాక్యం.

ఇది పట్టణాల వారికి చిన్న సంగతిగా తోచవచ్చు. మనకు కాదు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపిన గీత గాని, 1953లో బళ్లారిని ఆదోని, రాయదుర్గాల నుండి వేరుచేసిన గీత గాని మన ఊళ్లను విడదీశాయే తప్ప మన వియ్యాలను విడదీయలేదు. హోసూరు పిల్లను కుప్పానికి ఇస్తాము. గుంతకల్లు పిల్లను బళ్లారికి తెచ్చుకుంటాము. సిరొంచ వారికి గోదావరి ఆవలి ఒడ్డున మేనమామలున్నారు. కాపురం నిలిచినంత కాలం ఆ గీత ఎవరికీ కనబడదు. అది విరిగిన నాడు పుట్టింటికి చేరిన తల్లి వెంట బిడ్డ కూడ రాష్ట్రం దాటుతుంది. ఒక్క టి.సి. కాగితంతో బడి మారుతుంది, లిపి మారుతుంది, పరీక్ష మారుతుంది. కుప్పంలో 6వ తరగతి దాకా తెలుగులో చదివిన పిల్ల హోసూరు బడిలో అడుగుపెట్టేసరికి, 2006 నాటి తమిళ అభ్యసన చట్టం కింద 1వ తరగతి నుండి తమిళం నేర్చిన పిల్లల నడుమ కూర్చోవలసి వస్తుంది. కర్ణాటకలోనూ 2015లో కన్నడ అభ్యసనకు అటువంటి చట్టమే వచ్చింది. ఇంట్లో తండ్రి లేడు, పలక మీద తెలిసిన అక్షరం లేదు. ఈ రెండు నష్టాలూ ఒకే నెలలో ఆ పసిదాని మీద పడుతున్నాయి. కోర్టు లెక్కలోకి మొదటిది మాత్రమే ఎక్కుతున్నది.

చట్టం ఏమంటున్నది? 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ తండ్రిని సహజ సంరక్షకునిగా చెప్పి, 'అతని తరువాత' తల్లి అన్నది. రచయిత్రి గీతా హరిహరన్ కేసులో 1999లో సుప్రీంకోర్టు ఆ మాటకు 'తండ్రి మరణానంతరం' అని మాత్రమే అర్థం చెప్పుకోరాదని తీర్చి, తల్లికి దారి తెరిచింది. 13వ సెక్షన్ బిడ్డ క్షేమమే పరమ ప్రమాణమంటుంది. ఆ క్షేమాన్ని తూచడానికి 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం 17వ సెక్షన్ ఇచ్చిన పట్టికలో బిడ్డ వయస్సున్నది, లింగమున్నది, మతమున్నది. భాష లేదు. తెల్లవాని కాలపు పట్టికను మనం ఇప్పటికీ ఒక్క మాట చేర్చకుండా చదువుకుంటున్నాము.

ఇక 2014 మే నెలలో కర్ణాటక బోధనా మాధ్యమపు కేసులో రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు. బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించేది ప్రభుత్వం కాదు, తల్లిదండ్రులో సంరక్షకులో అని అది తేల్చింది. మనలో చాలామంది సంతోషించాము. తల్లిదండ్రులిద్దరూ ఒకే మాట మీద ఉన్నంతవరకు అది చక్కని మాట. ఇద్దరూ రెండు ఇళ్లలో, రెండు రాష్ట్రాలలో ఉండి రెండు మాటలు చెబితే? ఆ ప్రశ్న ఆనాడు ధర్మాసనం ముందు లేదు. మన ముందు ఉన్నది. ఆచరణలో దానికి జవాబు చెబుతున్నది బడి గుమాస్తా. ప్రవేశపత్రంలో 'మాతృభాష' అన్న గడి దగ్గర, ఆ రోజు బిడ్డ చేయి పట్టుకొని వచ్చినవారు ఏది చెబితే అది వ్రాస్తాడు. కస్టడీ వేరు, సంరక్షకత్వం వేరు. బిడ్డ ఒకరి ఇంట పెరిగినంత మాత్రాన రెండవవారి సహజ సంరక్షకత్వం రద్దు కాదు. ఈ భేదం న్యాయశాస్త్రపు మొదటి పాఠమే అయినా బడి గడప దగ్గర ఆగిపోతున్నది.

ఇంతవరకు చెప్పినది బయటివారి మీద ఫిర్యాదు. ఇప్పుడు మనవారి సంగతి.

ఒక తండ్రి నా దగ్గరకు వచ్చాడు. తెలుగువాడు. విడిపోయిన భార్య కన్నడ కుటుంబపు ఆడపడుచు. ఎనిమిదేళ్ల కొడుకు ఆమె దగ్గర ఉన్నాడు. "వకీలు గారూ, నా కొడుకును కన్నడిగుణ్ణి చేస్తా ఉంది. అమ్మనుడి హక్కు కింద బిడ్డను నాకు ఇప్పించండి" అన్నాడు. వెంట మన ఉద్యమంలో తిరిగే మిత్రుడొకరు. కాపురం కలిసి ఉన్న రోజులలో బిడ్డను ఏ బడిలో వేశారని అడిగాను. ఇంగ్లీషు మీడియమట. ఇంటి దగ్గర అ ఆ లు దిద్దించారా అంటే మాట లేదు. ఆ కేసు నేను పట్టలేదు. ఉద్యమద్రోహమని ఆ మిత్రుడు నన్ను నలుగురిలో అన్నాడు. ఆయనకు ఈ పత్రికాముఖంగానే అడుగుతున్నాను: ఆ బిడ్డ అమ్మ నుడి ఏది? కన్నడమే కదా! తల్లి ఒడిలోని బిడ్డను లాగుకొనడానికి తెలుగును పలుగుగా వాడుకొనే తండ్రికీ, తెలుగు బడికి తాళం వేసే అధికారికీ నాకు పెద్ద తేడా కనబడదు. ఇద్దరికీ బిడ్డ అక్కర లేదు, గెలుపు కావాలి.

అయితే తండ్రి నుడి బిడ్డకు అక్కర లేదా? తప్పక కావాలి. ఆ ఆదివారం 10 గంటలకు తన దగ్గర కూర్చున్న బిడ్డతో, నాయనమ్మతో ముచ్చటించడానికి కావాలి. కస్టడీ దక్కని వారికి బిడ్డతో సంబంధం నిలవాలని, నేరుగా వీలుకానప్పుడు వీడియో కాల్ ద్వారానైనా నిలవాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కాల్ ఏ భాషలో సాగాలి? మూడేళ్లు తెలుగు వినని బిడ్డ తెర మీద తాతను చూచి నవ్వి ఊరకుంటాడు. చూచే హక్కు కాగితం మీద భద్రంగా ఉంటుంది, పలుకు మాత్రం పోయి ఉంటుంది. అందుకే ఇది తల్లి హక్కా, తండ్రి హక్కా అన్న వాదమే తప్పుదారి. 2014 తీర్పును శ్రద్ధగా చదివితే మాధ్యమాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ బిడ్డది, బిడ్డ తరఫున పెద్దలు దాన్ని వినియోగిస్తారు అని ఉన్నది. మన సభలలో 'తల్లిదండ్రుల హక్కు' అని కేకలు వేసేవారు ఆ 'తరఫున'ను మింగివేస్తున్నారు.

రెండవ అన్యాయం కోర్టు గదిలోనే జరుగుతున్నది. కింది కోర్టుల భాషను నిర్ణయించేది సివిల్ ప్రొసీజర్ కోడ్ 137వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం మొదట రాజీకి ప్రయత్నించమంటుంది, 13వ సెక్షన్‌లో వకీలును పెట్టుకోవడం హక్కు కాదంటుంది. ఉద్దేశం మంచిదే కావచ్చు. ఫలితం చూడండి. హోసూరు పక్క పల్లె ఆడపడుచు ఒకామె ఒంటరిగా కౌన్సెలర్ ఎదుట కూర్చుని, తమిళంలో ఉన్న రాజీపత్రం మీద చేవ్రాలు చేసి వచ్చింది. తరువాత నాకు చూపించి, "అన్నా, నాకు అరవం మాట్లాడేకి వస్తుంది, చదివేకి రాదు. ఇందులో ఏముందో చెప్పు" అన్నది. బిడ్డ చదువుకు సంబంధించిన నిర్ణయాలన్నీ తండ్రివే అని ఉన్నది అందులో. బిడ్డ మాత్రం ఆమె దగ్గరే. తన ఇంట పెరిగే కూతురిని ఏ బడిలో వేయాలో చెప్పే అధికారాన్ని, చదవలేని లిపిలో, తానే వదులుకున్నది!

చేయవలసింది లేకపోలేదు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ బిడ్డ కస్టడీ, పోషణలతో పాటు విద్యను గూర్చి కూడ ఉత్తర్వులివ్వడానికి, వీలైనంతవరకు బిడ్డ ఇష్టాన్ని గమనించడానికి కోర్టుకు అధికారమిచ్చింది. ఆ 'విద్య' అన్న మాటలో నుడిని అడుగవచ్చు. మనం అడుగలేదు గనుక రాలేదు. కస్టడీ ఉత్తర్వు రాతి మీది గీత కాదని, పరిస్థితిని బట్టి మార్చవచ్చునని 1973లోనే సుప్రీంకోర్టు చెప్పింది. పాత ఉత్తర్వులున్న వారికీ తలుపు తెరిచే ఉన్నది. ఇద్దరూ కలిసి నిర్ణయించే ఉమ్మడి కస్టడీని లా కమిషన్ 2015లో తన 257వ నివేదికలో సిఫారసు చేసింది. అది చట్టమయ్యేదాకా కాచుకొని కూర్చోనక్కర లేదు, రాజీపత్రంలో మనమే వ్రాసుకోవచ్చు. మాధ్యమం మార్చాలంటే ఇద్దరి చేవ్రాళ్లూ ఉండాలి, రెండవ నుడి నేర్పడానికి వారానికిన్ని గంటలు, సెలవులు ఎవరింట, ఫోను ఏ వేళ అని. పత్రాన్ని మన భాషలో చదివి వినిపించనిదే చేవ్రాలు చేయకండి. వినిపించినట్టు కింద వ్రాయించండి.

ఆ హోసూరు ఆడపడుచు తరఫున మార్పు కోరుతూ అర్జీ వేశాము. అందులో కోరినవి రెండే. బడి విషయం ఇద్దరూ కలిసి నిర్ణయించాలి. బిడ్డ ప్రవేశపత్రంలో మాతృభాష గడి నింపేముందు తల్లిని కూడ అడగాలి. తండ్రి తరఫువారు ఎదురు అఫిడవిట్‌కు గడువు అడిగారు. మేము మాత్రం తెలుగు అనువాదాన్ని జతచేసి ఇచ్చాము.