కాపలాదారు ఖర్చుల చిట్టా

జాతీయ మానవ హక్కుల కమిషన్ అనగానే మనకు గుర్తొచ్చేది టీవీ కింద పరుగెత్తే స్క్రోలింగ్. ‘ఎన్‌హెచ్‌ఆర్‌సీ సీరియస్’, ‘సుమోటోగా కేసు’, ‘నివేదిక ఇవ్వాలని నోటీసు’. 2020 మే 7న విశాఖలో ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు కూడా అలాంటి నోటీసే రాష్ట్రానికీ, కేంద్రానికీ వెళ్లింది. మనం చూసేది నోటీసు వరకే. ఆ నోటీసు తయారు చేసిన మనిషికి జీతం ఎక్కణ్ణుంచి వస్తుంది? విచారణకు టీమ్ బయల్దేరితే రైలు టికెట్ ఎవరు తీస్తారు? ఆ బిల్లు ఎవరు చూస్తారు? ఈ వారం కబుర్లు వాటి గురించే. బోర్ టాపిక్ అని పైకి స్వైప్ చేసేయకండి. ఇందులో ఉన్నది మన డబ్బు.

ముందు ఒక పొరపాటు అభిప్రాయం క్లియర్ చేసుకుందాం. ‘బాధితుడికి కమిషన్ 5 లక్షలు ఇచ్చింది’ అని చాలామంది అంటుంటారు. కమిషన్ ఇవ్వదు. ఇవ్వమని ప్రభుత్వానికి సిఫారసు చేస్తుంది, అంతే. 1993 మానవ హక్కుల పరిరక్షణ చట్టంలో 18వ సెక్షన్ చెప్పేది అదే. ఆ పరిహారం సదరు ప్రభుత్వ ఖజానా నుంచి వెళ్లాలి. కమిషన్ సొంత పర్సులో ఉండేది జీతాలు, ఆఫీసు, ప్రయాణాలు, అనువాదాలు, కంప్యూటర్లు, శిక్షణలు లాంటి వాటి డబ్బే. చూడ్డానికి చిన్న పర్సు. కానీ అది సరిగ్గా నడవకపోతే ఫైల్ కదలదు.

ఆ పర్సులో డబ్బు వేసేదెవరో చూడండి. అదే చట్టంలో 32వ సెక్షన్: పార్లమెంటు ఆమోదం తర్వాత కేంద్ర ప్రభుత్వం ‘తాను తగినదని భావించినంత’ గ్రాంటు ఇస్తుంది. ఆ గ్రాంటు కేంద్ర హోం శాఖ పద్దులో కనిపిస్తుంది. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ ఉండేదీ ఆ శాఖ కిందే. అంటే ఎవరి మీద ఫిర్యాదులు వచ్చే అవకాశం ఉందో, ఆ ఇంటి నుంచే కాపలాదారుకి నెల జీతం వస్తోంది. వాళ్లు ఆపారనో, తగ్గించారనో నేను చెప్పట్లేదు. అడగందే అమ్మైనా పెట్టదు అంటారు కదా, ఇక్కడ అడగాల్సింది కూడా రేపు ప్రశ్నించాల్సిన వాళ్లనే. డిజైన్‌లోనే ఉన్న ఇబ్బంది అది.

ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. ఇలాంటి సంస్థలు ఎలా ఉండాలన్న దానిపై 1991లో పారిస్‌లో ఒక సమావేశం జరిగింది. అక్కడ తయారైన సూత్రాలను 1993 డిసెంబరు 20న ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆమోదించింది. మన కమిషన్ అంతకు రెండు నెలల ముందే, అక్టోబరు 12న పుట్టింది. డబ్బు విషయంలో పారిస్ సూత్రాల మాట సూటిగా ఉంటుంది: సంస్థకు సొంత సిబ్బంది, సొంత చోటు ఉండేంత నిధులు ఉండాలి, స్వతంత్రతను దెబ్బతీసే ఆర్థిక నియంత్రణ కింద అది ఉండకూడదు. ఘనా దేశం ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడి మానవ హక్కుల కమిషన్ పాలనా ఖర్చులను, జీతాలతో సహా, నేరుగా సంచిత నిధి నుంచి చెల్లించాలని 1992 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. మన దగ్గర సుప్రీంకోర్టు జడ్జీల జీతాలకు ఆ రక్షణ ఉంది. హక్కుల కమిషన్‌కి లేదు.

సరే, స్వతంత్రత కావాలి. మరి లెక్క? ఇక్కడే మన హక్కుల మేధావులు కొంచెం తప్పించుకుంటారని నాకనిపిస్తుంది. నిధులు చాలవని గట్టిగా మాట్లాడతారు, ఖర్చు పెట్టే పద్ధతి గురించి నోరు విప్పరు. పారిస్ సూత్రాల ప్రకారం దేశాల కమిషన్లకు గ్రేడ్ ఇచ్చే అంతర్జాతీయ కూటమి ఒకటుంది, గన్హ్రీ అని. దాని మార్గదర్శకాలు రెండు వైపులా మాట్లాడతాయి. సంస్థకు ప్రత్యేక బడ్జెట్ పద్దు, దాని మీద పూర్తి అజమాయిషీ ఉండాలి. దాంతో పాటే క్రమం తప్పకుండా జనానికి లెక్క చెప్పాలి, ఏటా స్వతంత్ర ఆడిట్ జరగాలి. నాకు రెండో సగమే ముఖ్యం. ఎందుకంటే లెక్క సరిగ్గా లేని కాపలాదారు నోరు మూయించడం చాలా తేలిక. ‘ముందు మీ బిల్లులు చూపించండి సార్’ అంటే చాలు.

నేను చేసేది పేమెంట్స్ సాఫ్ట్‌వేర్ పని. పంపిన డబ్బు, చేరిన డబ్బు రోజూ రాత్రికి టాలీ అవ్వాలి. రూపాయి తేడా వచ్చినా తెల్లారేసరికి టికెట్ ఓపెన్ అయి ఉంటుంది, ఎవడో ఒకడు దానికి జవాబు చెప్పాలి. ఆ అలవాటు కళ్లతో ఒక విచారణ ప్రయాణాన్ని చూద్దాం. ఢిల్లీ నుంచి నలుగురి టీమ్ శ్రీకాకుళంలో ఒక ఊరికి రావాలి అనుకుందాం. టికెట్లకు, బసకు అడ్వాన్స్ తీసుకుంటారు. ఇక్కడ చాలా ఆఫీసుల్లో జరిగే తప్పు ఏంటంటే, అడ్వాన్స్ ఇచ్చిన రోజే దాన్ని ఖర్చు కింద రాసేసుకోవడం. అది ఖర్చు కాదు బాబూ, ఒకరి చేతిలో ఉన్న ఆఫీసు డబ్బు. టూర్ అయ్యాక బిల్లులు పెట్టి, మిగిలింది తిరిగి కట్టి, అడ్వాన్స్‌ని సర్దుబాటు చేసినప్పుడే అది ఖర్చు. అలా సర్దుబాటు కాని అడ్వాన్సులు పది పోగైతే పుస్తకంలో ఒక అంకె, బ్యాంకులో ఇంకో అంకె. ఈలోపు డబ్బు తీసుకున్న అధికారి డెప్యుటేషన్ ముగిసి సొంత కేడర్‌కి వెళ్లిపోతాడు. ఇక ఆ రసీదు కోసం ఎవరికి ఫోన్ చేస్తారు?

కమిషన్ సిబ్బందిలో డెప్యుటేషన్ మీద వచ్చేవాళ్లు చాలామంది కాబట్టే ఇది నాకు పెద్ద విషయంగా కనిపిస్తోంది. మనుషులు మారిపోతుంటారు, అందుకే జ్ఞాపకం మనుషుల్లో కాకుండా సిస్టంలో ఉండాలి. అడ్వాన్స్ ఇచ్చి 30 రోజులు దాటితే దానంతటదే పైవాడికి అలర్ట్ వెళ్లాలి. పాతది తేలకుండా కొత్త అడ్వాన్స్ స్క్రీనే తెరుచుకోకూడదు. బిల్లు పెట్టేవాడు, పాస్ చేసేవాడు, చెల్లించేవాడు ముగ్గురూ వేరు వేరు లాగిన్లు అవ్వాలి. ఇదేం రాకెట్ సైన్స్ కాదు, మన వీధి చివర సహకార బ్యాంకులో కూడా ఉండేదే.

లెక్క ఆలస్యమైతే శిక్ష ఎవరికో తెలుసా? సంస్థకే. కేంద్రం 2017లో తెచ్చిన సాధారణ ఆర్థిక నియమావళిలో గ్రాంట్ల మీద ఒక రూల్ ఉంది. ఖర్చు పెట్టిన దానికి వినియోగ ధ్రువపత్రం ఇవ్వాలి. ముందు ఏడాది ఆడిట్ అయిన లెక్కలు సమర్పించకపోతే, ఈ ఏడాది మంజూరైన దాంట్లో 75 శాతానికి మించి విడుదల చేయకూడదు. అంటే ఏ మంత్రీ కక్ష కట్టక్కర్లేదు, ఏ బడ్జెట్టూ కోత పెట్టక్కర్లేదు. అకౌంట్స్ సెక్షన్‌లో ఫైల్ ఆలస్యమైతే చాలు, నాలుగో వంతు డబ్బు ఆగిపోగలదు. స్వతంత్రత మీద దాడి అంటే మనం ఏదో సినిమా క్లైమాక్స్ ఊహించుకుంటాం. ఇది మాత్రం ఒక ఎక్సెల్ షీట్ దగ్గర మొదలవుతుంది.

ఇంకోటి మార్చి జాతర. ఏడాదంతా ఫైళ్లు నిద్రపోయి, గ్రాంటు మురిగిపోతుందని ఆఖరి నెలలో కుర్చీలు, ప్రింటర్లు, సెమినార్లు. చివరి నెలల్లో ఖర్చు హడావుడి ఆర్థిక మర్యాదకు భంగం అని అదే నియమావళి చెబుతోంది. అయినా ఏ సర్కారీ ఆఫీసు దగ్గరికైనా మార్చిలో వెళ్లి చూడండి, కొత్త ఏసీ అట్టపెట్టెలు కారిడార్లో కనిపిస్తాయి. హక్కుల కమిషన్‌కి ఇలా జరిగితే నష్టం ఎక్కడ? అనువాదం లాంటి చోట. కమిషన్‌కి ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలోనైనా ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. అంటే మీ నాయనమ్మ తెలుగులో రాసిన కాగితం కూడా చెల్లుతుంది. కానీ ఢిల్లీలో దాన్ని చదివి చెప్పేవాళ్లు ఉండాలి, వాళ్లకు నెలనెలా డబ్బులు అందాలి. ప్రింటర్ మార్చిలో కొన్నా పనికొస్తుంది. జూన్‌లో వచ్చిన తెలుగు ఫిర్యాదుని మార్చిలో అనువదిస్తే? అందుకే ఖర్చుని ‘ఆఫీసు ఖర్చులు’ అనే ఒకే బుట్టలో వేయకుండా, అనువాదానికి ఎంత, ఊళ్లలో విచారణకు ఎంత, జైళ్ల సందర్శనకు ఎంత అని పనివారీగా కోడ్ ఇచ్చి మూడు నెలలకోసారి బయటపెట్టాలి. పీడీఎఫ్ స్కాన్ కాదు, మనం డౌన్‌లోడ్ చేసి లెక్కేసుకునే ఫైల్.

ఇక ఈ లెక్కల తాళాలు ఎవరి దగ్గరున్నాయి? 2019 సవరణ తర్వాత, ఛైర్‌పర్సన్ నియంత్రణకు లోబడి, పాలనా, ఆర్థిక అధికారాలన్నీ సెక్రటరీ జనరల్‌వి. ఆ సెక్రటరీ జనరల్‌ని ఇచ్చేది కేంద్ర ప్రభుత్వం. గన్హ్రీ కమిటీ 2023లో, మళ్లీ 2024లో మన కమిషన్ గ్రేడ్ మీద నిర్ణయాన్ని వాయిదా వేసినప్పుడు చెప్పిన అభ్యంతరాల్లో ఈ నియామకం ఒకటి, దర్యాప్తులో పోలీసు అధికారులుండటం ఇంకొకటి. చట్టం మార్చడం పార్లమెంటు పని, టైమ్ పడుతుంది. కానీ అంతర్గత ఆడిటర్ తన రిపోర్టుని సెక్రటరీ జనరల్‌కి కాకుండా నేరుగా ఛైర్‌పర్సన్ చేతిలో పెట్టేలా చేయడానికి చట్టం మారక్కర్లేదని నా అభిప్రాయం. చెక్కు మీద సంతకం పెట్టేవాడికే తనిఖీ రిపోర్టు ఇస్తే ఏం లాభం?

మన రాష్ట్రాల సంగతి కూడా ఒక్క ముక్క. రాష్ట్ర కమిషన్లకు డబ్బు రాష్ట్ర ప్రభుత్వమే ఇవ్వాలి, 33వ సెక్షన్. తెలంగాణలో 2022 డిసెంబరులో ఛైర్మన్, సభ్యుల పదవీకాలం ముగిశాక 2025 ఏప్రిల్ దాకా కుర్చీలు ఖాళీ. ఫిర్యాదులు వినేవాళ్లు లేరని అందరూ రాశారు, నిజమే. నాకు తట్టిన ఇంకో ప్రశ్న: ఆ కాలంలో వచ్చిన బడ్జెట్లలో కమిషన్ తరఫున ఆర్థిక శాఖ ముందు కూర్చుని ‘మాకు ఇంత కావాలి’ అని గట్టిగా అడగాల్సిన కుర్చీలో ఎవరున్నారు? ఆంధ్రప్రదేశ్ కమిషన్ అయితే 2021లో హైదరాబాద్ నుంచి కర్నూలుకి మారింది. పాత ఫైళ్లు, సర్వర్లు, ఆస్తుల రిజిస్టర్ అన్నీ సర్దుకుని కొత్త ఊళ్లో మొదలుపెట్టడం అంటే మాటలా? ఇల్లు మారితేనే మనకు గ్యాస్ పుస్తకం దొరకదు.

ఆడిట్ లేదనుకోకండి, ఉంది. 34వ సెక్షన్ ప్రకారం జాతీయ కమిషన్ ఖాతాలను కాగ్ తనిఖీ చేస్తుంది, ఆ తనిఖీ ఖర్చు కూడా కమిషనే కాగ్‌కి కట్టాలి (ఇది చదివి నాకు నవ్వొచ్చింది). ఆడిట్ రిపోర్టు కేంద్రానికి వెళ్లి, అక్కణ్ణుంచి పార్లమెంటు ఉభయ సభల ముందుకు రావాలి. ‘వీలైనంత త్వరగా’ అని చట్టం. తేదీ వేయలేదు. నా భాషలో చెప్పాలంటే డెడ్‌లైన్ ఫీల్డ్ ఖాళీగా వదిలేసిన టికెట్ అది.

ఆ ఫీల్డ్ నింపించే పని మీ ఫోన్లోంచి కొంత జరుగుతుంది. కేంద్ర ఆర్టీఐ పోర్టల్‌లో దరఖాస్తు ఫీజు 10 రూపాయలు, జవాబుకి గడువు 30 రోజులు. మూడే అడగండి. ఆడిట్ పూర్తయిన చివరి ఆర్థిక సంవత్సరం ఏది? ఏడాది దాటినా సర్దుబాటు కాని అడ్వాన్సులు మొత్తం ఎంత? ప్రాంతీయ భాషల ఫిర్యాదుల అనువాదానికి నిరుడు ఎంత ఖర్చయింది? నేను మొదటి రెండూ పంపుతున్నాను. మూడోది మీలో ఎవరైనా పంపి, వచ్చిన జవాబు స్క్రీన్‌షాట్ తీసి ఈ కాలమ్‌కి మెయిల్ చేయండి.