మాజీ సైనికుల వైద్యం: హక్కుకు హద్దు లేదు, దూరమే అవరోధం

ఎర్రుపాలెం (ఖమ్మం జిల్లా): దేశ సరిహద్దులలో విధులు నిర్వర్తించి స్వగ్రామాలకు తిరిగి వచ్చిన సైనికులకు, వారి కుటుంబాలకు జీవితాంతం వైద్యం అందించే ఉద్దేశంతో కేంద్ర రక్షణ మంత్రిత్వ శాఖ 2003 ఏప్రిల్ 1న మాజీ సైనికుల చందా ఆరోగ్య పథకాన్ని (ఇ.సి.హెచ్.ఎస్.) ప్రారంభించిన విషయం విదితమే. రెండు దశాబ్దాలకు పైబడిన అనుభవం తరువాత ఈ పథకం విషయంలో పరిశీలించవలసిన అంశం హక్కు ఉన్నదా, లేదా అన్నది కాదు. ఆ హక్కును వినియోగించుకొనేందుకు వేయవలసిన మొదటి అడుగు గ్రామానికి ఎంత దూరంలో ఉన్నదన్నదే నేటి ప్రధానాంశం. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సరిహద్దున గల ఎర్రుపాలెం మండలం ఈ అంశాన్ని అర్థం చేసుకొనేందుకు చక్కని ఉదాహరణ.

పథకం స్వరూపం

సైన్యం, నౌకాదళం, వైమానిక దళం నుంచి పింఛనుతో విరమించినవారు, కుటుంబ పింఛను పొందుతున్న భార్యలు, ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు ఈ పథకం పరిధిలోకి వస్తారు. సభ్యులు ఒక్కసారి మాత్రమే చందా చెల్లిస్తారు. 2017 డిసెంబరులో సవరించిన ప్రకారం హవల్దారు స్థాయి వరకు 30,000 రూపాయలు, జూనియర్ కమిషన్డ్ అధికారులకు 67,000 రూపాయలు, అధికారులకు 1,20,000 రూపాయలుగా చందా నిర్ణయమైనది. 1996 జనవరి 1కి ముందు విరమించినవారికి, యుద్ధ వితంతువులకు చందా మినహాయింపు లభించింది. సభ్యత్వానికి వయోపరిమితి గాని, అంతకుముందే ఉన్న జబ్బుల కారణంగా నిరాకరణ గాని లేకపోవడం ఈ పథకపు ప్రత్యేకత. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన వృద్ధ సైనికులకు, ఎమర్జెన్సీ, షార్ట్ సర్వీస్ కమిషన్డ్ అధికారులకు 2019 మార్చిలో ఇందులో అవకాశం కల్పించారు.

చికిత్సకు ద్వారం పాలీక్లినిక్. అక్కడి వైద్యుడు పరీక్షించి, అవసరమైనపుడు సైనిక ఆసుపత్రికి, ప్రభుత్వ ఆసుపత్రికి లేదా పథకం గుర్తింపు పొందిన ప్రైవేటు ఆసుపత్రికి సిఫారసు పత్రం ఇస్తారు. గుర్తింపు పొందిన ఆసుపత్రిలో రోగి నగదు చెల్లించనవసరం లేదు. అత్యవసర పరిస్థితిలో సిఫారసు లేకుండానే నేరుగా వెళ్లవచ్చు. గుర్తింపు లేని ఆసుపత్రిలో చేరవలసి వచ్చినపుడు 48 గంటలలోగా పాలీక్లినిక్‌కు సమాచారం అందజేయాలి. ఈ ఒక్క నిబంధన తెలియక బిల్లుల మంజూరులో చిక్కులు ఎదురయ్యే అవకాశం ఉన్నందున దీనికి విస్తృత ప్రచారం కల్పించవలసి ఉన్నది.

సరిహద్దు మండలాల పరిస్థితి

మాజీ సైనికుల జనాభాను బట్టి పాలీక్లినిక్‌లను మంజూరు చేస్తారు. తొలుత దేశమంతటా 227 మంజూరు కాగా, 2010లో మరో 199 మంజూరైనవి. అయినప్పటికీ ఇవి ప్రధానంగా కంటోన్మెంట్లకు, జిల్లా కేంద్రాలకు, పట్టణాలకు పరిమితం. మాజీ సైనికులు పెద్ద సంఖ్యలో ఒకే చోట ఉన్న ప్రాంతానికి ఈ కొలమానం అనుకూలం. పశ్చిమ గోదావరి ప్రాంతంలోని మాధవరం వంటి గ్రామం ప్రపంచ యుద్ధాల కాలం నుంచి సైన్యానికి మనుషులను అందించి 'మిలిటరీ మాధవరం'గా పేరు పొందింది. ఊరికి ఇద్దరో ముగ్గురో చొప్పున చెదరి ఉన్న మండలాలకు ఇదే కొలమానం ప్రతికూలమవుతున్నది.

కాజీపేట, విజయవాడ రైలు మార్గంపై ఉన్న ఎర్రుపాలెం నుంచి ఒకవైపు ఖమ్మం, మరొకవైపు విజయవాడ పాలీక్లినిక్‌లు ఉన్నవి. మండలం తెలంగాణలోనిది అయినా ఇక్కడివారు విజయవాడ వెళ్లేందుకు అభ్యంతరం లేదు. ఇది కేంద్ర పథకం కావడంతో రాష్ట్ర సరిహద్దు అడ్డురాదు. సభ్యుని పేరు ఏ పాలీక్లినిక్‌లో నమోదైనదన్నదే ముఖ్యం. దానిని సౌకర్యాన్ని అనుసరించి మార్చుకొనే వీలు కూడా కలదు.

భద్రాచలం అటవీ ప్రాంతంలో పరిస్థితి ఇంతకంటే క్లిష్టమైనది. పోలవరం ముంపు కారణంగా చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుకునూరు, వేలేరుపాడు తదితర మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరినవి. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడినది. పరిపాలనా హద్దులు మారినంత మాత్రాన రోగి నడిచే దారి మారదు. అక్కడి మాజీ సైనికుడు సంక్షేమ కార్యాలయానికి ఒక దిక్కుకు, ఆసుపత్రికి మరొక దిక్కుకు వెళ్లవలసి రావచ్చు.

నెలవారీ మందులే కీలకం

శస్త్రచికిత్స వంటి పెద్ద అవసరం జీవితంలో ఒకటి రెండు సార్లు వస్తుంది. దానికోసం ఎంత దూరమైనా కుటుంబం సిద్ధపడుతుంది. రక్తపోటు, మధుమేహం మందులు మాత్రం నెలనెలా కావాలి. డెబ్బయి ఏళ్లు దాటిన వ్యక్తి, లేదా ఒంటరిగా ఉన్న సైనికుని వితంతువు, ఈ మందుల కోసం ప్రతి నెలా ఒక పగలంతా ప్రయాణానికి వెచ్చించవలసి వస్తే క్రమేణా మానివేసే ప్రమాదం ఉన్నది. మానివేసిన మాత్ర పక్షవాతంగానో, మూత్రపిండాల వ్యాధిగానో తిరిగి వచ్చినపుడు అదే పథకం లక్షలాది రూపాయలు భరించవలసి వస్తుంది. కావున సమీపంలో వైద్యం అందించడం ప్రభుత్వానికి అదనపు భారం కాదు, పొదుపు.

పాలీక్లినిక్‌లలో మందుల కొరతను, ఆసుపత్రుల బిల్లుల చెల్లింపులో జాప్యాన్ని కాగ్ 2015 నాటి నివేదికలో ప్రస్తావించినది. దూరం నుంచి వచ్చిన వృద్ధునికి మందు లేదన్న సమాధానం ఒక ప్రయాణాన్ని రెండు ప్రయాణాలుగా మారుస్తుందని అధికారులు గుర్తించవలసి ఉన్నది.

పరిధి వెలుపల ఉన్నవారు

మాజీ సైనికులందరికీ ఈ పథకం వర్తించదన్నది పాత్రికేయులు గమనించవలసిన అంశం. పింఛను అర్హత లేకుండా వెలుపలికి వచ్చిన సాధారణ సైనికులు ఇందులోకి రారు. వీరికి కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా అందే వైద్య సహాయాన్ని 2023లో 30,000 నుంచి 50,000 రూపాయలకు, తీవ్ర వ్యాధుల సహాయాన్ని 1.25 లక్షల నుంచి 1.50 లక్షల రూపాయలకు పెంచారు. భద్రాచలం పరిసరాలలో ప్రజలకు సుపరిచితమైన కేంద్ర రిజర్వు పోలీసు దళం నుంచి విరమించినవారు రక్షణ శాఖ పథకంలోకి రారు. వారికి వర్తించేది కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం. దాని కేంద్రాలు హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో ఉన్నవి.

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం కింద చేరిన అగ్నివీరులకు నాలుగేళ్ల సర్వీసు అనంతరం పింఛను గాని, ఇ.సి.హెచ్.ఎస్. సభ్యత్వం గాని ఉండదు. తొలి దళం నాలుగేళ్ల గడువు 2026 చివర, 2027 ఆరంభంలో పూర్తవుతుంది. యూనిఫారం ధరించి వచ్చిన యువకునికి ఏ పథకం వర్తిస్తుందన్న ప్రశ్న గ్రామాలలో తలెత్తక ముందే స్పష్టమైన సమాచారం సిద్ధం చేయడం అవసరం.

2024 అక్టోబరు 29న 70 ఏళ్లు పైబడినవారికి ఆయుష్మాన్ భారత్ కింద ఏటా 5 లక్షల రూపాయల వరకు చికిత్స సదుపాయం ప్రారంభమైనది. ఇ.సి.హెచ్.ఎస్. సభ్యులు రెండింటిలో ఒకదానినే ఎంచుకోవాలి. ఆయుష్మాన్ భారత్ ఆసుపత్రిలో చేరిన రోగికి ఉద్దేశించినది. ఇ.సి.హెచ్.ఎస్.లో బయటి రోగి పరీక్షలు, నెలవారీ మందులు కూడా ఉన్నవి. ఈ వ్యత్యాసం తెలియకుండా కార్డు మార్చుకున్నవారు నష్టపోయే అవకాశం ఉన్నది.

అందుబాటులో ఉన్న మార్గాలు

కొత్త పాలీక్లినిక్ మంజూరుకు కేంద్రం నిర్ణయం కావాలి. అప్పటివరకు వేచి ఉండకుండా చేపట్టదగిన చర్యలు కొన్ని ఉన్నవి. ముప్పయి ఏళ్లు పైబడిన ప్రతి ఒక్కరికీ రక్తపోటు, మధుమేహ పరీక్షలు నిర్వహించే జాతీయ కార్యక్రమం ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల ద్వారా అమలవుతున్నది. మాజీ సైనికుడు కూడా పౌరుడే కావున ఈ సేవలకు పూర్తి అర్హుడు. కొత్తగూడెంలో 2022లో, ఖమ్మంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభం కావడంతో నిపుణుల సేవలు జిల్లాలకు చేరువైనవి. సాయుధ దళాల వైద్యులు ఇంటి నుంచే సలహా ఇచ్చే 'సేహత్' టెలిమెడిసిన్ సేవను 2021 మే 27న ప్రారంభించారు. ఈ సేవను వినియోగించుకోవడంలో వృద్ధులకు గ్రామంలోనే చేయూత కల్పించవలసి ఉన్నది.

మండలాల వారీగా మాజీ సైనికుల, వితంతువుల జాబితా రూపొందించడం, నిర్ణీత తేదీన మండల కేంద్రంలో సైనిక సంక్షేమ, ఆరోగ్య శాఖలు ఉమ్మడి శిబిరం నిర్వహించడం, పాత కార్డుల మార్పిడికి, పాలీక్లినిక్ మార్పునకు అక్కడే దరఖాస్తులు స్వీకరించడం జిల్లా యంత్రాంగం పరిధిలోనివే. కేంద్రం హక్కును కల్పించినది. దానిని ఎర్రుపాలెం వంటి మండలాలలోని ఇంటి గుమ్మం వరకు చేర్చడం రెండు ప్రభుత్వాల, రెండు శాఖల సమన్వయంపైనే ఆధారపడి ఉన్నది.