మాస్కులు ఎవరం చూడలేదు

సంపాదకుల వారికి,

సోషల్ మీడియాలో తప్పుడు ప్రచారాల మీద పరిశోధన అనగానే ఎన్నికలు, మతాల గొడవలే గుర్తొస్తాయి. మా మిర్చి కల్లాల్లోకి తొంగిచూసేవారు లేరు. చూడాలన్నదే నా మాట.

మొన్నటి సీజన్‌లో ఒక రాత్రి కల్లంలో కాయకు కాపలా పడుకున్నాను. మా రైతుల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో పడింది. గుంటూరు మిర్చి యార్డు నిండా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కాలు పెట్టే సందు లేదు. కింద 'రేపటి నుంచి రేటు ఢమాల్' అని రాసుంది. తెల్లారేసరికి మా బజారులో నలుగురం ఊళ్లోకొచ్చిన బేరగాడు అడిగిన రేటుకే కాటా వేయించాం. వారం తర్వాత మా మనవడు ఆ ఫోటో పెద్దది చేసి చూపించాడు. హమాలీలందరికీ మూతులకు మాస్కులు! అది కరోనా నాటి ఫోటో. ఆ రాత్రి నేను కళ్లద్దాలు పెట్టుకునే చూశాను. బస్తాలే కనపడ్డాయి.

మాకు చదువు లేక నమ్ముతున్నామని తీసిపారేయకండి. వచ్చేవాటిలో సగం నిజమే ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం మిర్చికి క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించింది నిజం. అయితే అది రేటు అంతకంటే తగ్గితే తేడా సొమ్ము ఇచ్చే పథకం, అదీ కొంత సరుకుకే. గ్రూపుల్లోకి వచ్చేసరికి 'అంతా ప్రభుత్వమే కొంటుంది' అయింది.

వీటికి అడ్డుకట్ట లేదా అంటే, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలన్న పుకార్లతో 2018లో జనం మనుషుల్ని కొట్టి చంపాక, వాట్సాప్ ఒకసారికి ఐదు చోట్లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. మా ఊళ్లో ఐదు చోట్లంటే ఊరంతా. పోనీ బయటివాళ్లు కనిపెడతారా అంటే, ఫేస్‌బుక్‌లో ఏ పోస్టు ఎంత దూరం పాకిందో పరిశోధకులు చూసుకునే క్రౌడ్‌టాంగిల్‌ను ఆ కంపెనీయే 2024 ఆగస్టులో మూసేసింది. మా వాట్సాప్ గ్రూపుల్లోకి బయటివాళ్లకు మొదట్నుంచీ దారి లేదు. హైదరాబాద్‌లో ఫ్యాక్ట్‌లీ వంటివాళ్లు తెలుగులోనూ నిజానిజాలు తేలుస్తున్నారు, సంతోషం. వాళ్లు తేల్చేసరికి మా కాయ లారీ ఎక్కి ఉంటుంది.

కాబట్టి దారి మేమే ఇవ్వాలి. నాగార్జున విశ్వవిద్యాలయం, లాం ఫారం వ్యవసాయ పరిశోధన కేంద్రం కలిసి ఒక నంబరు పెడితే మాకొచ్చిన ఫోటోలు, వాయిస్‌లు అందులో పడేస్తాం. ఏ పుకారు ఏ వారం పుట్టింది, అప్పుడు యార్డులో రేటెంత, ఆ తర్వాత ఎవరు కొన్నారు, ఈ మూడూ పక్కపక్కన పెట్టి చూడండి. పంపినవారి పేర్లు, నంబర్లు మాత్రం బయటపడకూడదు. పడతాయంటే నేనూ పంపను.

ఆ మాస్కుల ఫోటో ఇంకా నా ఫోన్‌లోనే ఉంది. నంబరు పెట్టిన రోజు ముందు అదే వస్తుంది.

ఇట్లు,
ఒక మిర్చి రైతు,
ప్రత్తిపాడు మండలం, గుంటూరు జిల్లా